గురుముఖము లేని విద్య: సమ్మోహన శాస్త్ర చరిత్రలో కొన్ని ఘట్టములు

విద్య గురుముఖమున అభ్యసింపవలెనని మన పెద్దల మతము. పుస్తకము చూచి నేర్చిన మంత్రము పలుకదని పల్లెటూళ్లలో నేటికిని చెప్పుకొందురు. అయినను ఆ పెద్దలే ఏకలవ్యుని కథను కూడ మనకు చెప్పిరి. గురువు నిరాకరించినను, అడవిలో మట్టిబొమ్మ నెదుట నిలుపుకొని, కేవలము సాధనచేత అర్జునునకు దీటైన విలుకాడుగా అతడు రూపొందెను. ఈ రెండు మాటలలో ఏది సత్యము? గురువు అవసరమా, అభ్యాసము చాలునా?

విద్యను బట్టి ఈ ప్రశ్నకు సమాధానము మారును. ఒంటరిగా సంగీతము నేర్చువాడు అపస్వరము పలికినచో వినువారి చెవులకే బాధ. వైద్యము నేర్చువాని పొరపాటు అట్టిది కాదు. మనుష్యుని మనస్సుపై ప్రయోగింపబడు సమ్మోహనవిద్య, అనగా హిప్నాటిజమ్, ఈ రెండవ కోవకు చెందినది. దానిని నేర్చువానికి ఎదుట మరియొక మనిషి కూర్చుండవలెను. ఏకలవ్యుని బాణములు సైతము మొదట ఒక మూగజంతువు నోటిని మూసినవి కదా!

నేడు హిప్నాటిజమ్‌ను గూర్చియు, దాని ననుసరించి పుట్టిన ఎన్.ఎల్.పి. అను పద్ధతిని గూర్చియు పుస్తకములు విరివిగా లభించుచున్నవి. కొలది దినములలో నేర్పి ధ్రువపత్రము నిచ్చు శిక్షణ తరగతులును ఉన్నవి. ఇంటివద్ద కూర్చుండి నేర్చుకొనవచ్చునా, లేక రుసుము చెల్లించి శిక్షణ పొందవలెనా అని పలువురు సందేహించుచున్నారు. ఈ సందేహము నిన్న నేడు పుట్టినది కాదు. దీనికి రెండువందల ఏండ్లకు మించిన చరిత్ర గలదు. ఆ చరిత్రలో ముఖ్యమైన ఒక అధ్యాయము మన దేశముననే, గంగాతీరమునందలి హుగ్లీ పట్టణములో, ఒక ప్రభుత్వ వైద్యోద్యోగి చేతుల మీదుగా నడచినది.

కథ ఐరోపాలో ప్రారంభమగును. 1734లో జన్మించిన ఫ్రాంజ్ ఆంటన్ మెస్మర్ వియన్నా విశ్వవిద్యాలయమున వైద్యము చదివి, గ్రహముల ప్రభావము మానవ శరీరముపై ఎట్లుండునో వివరించుచు 1766లో సిద్ధాంతవ్యాసమును సమర్పించెను. విశ్వమంతటను కంటికి కానరాని సూక్ష్మద్రవ మొకటి వ్యాపించియున్నదనియు, శరీరమున దాని ప్రవాహము కుంటువడుటయే రోగమనియు, హస్తచాలనముచే దానిని సరిచేయవచ్చుననియు ఆయన వాదము. 1778లో ఆయన పారిస్ చేరెను. రోగులు గుంపులుగా వచ్చిరి. విద్య నేర్చుకొన గోరువారును వచ్చిరి.

అప్పుడు ఏర్పడినదే ‘విశ్వ సామరస్య సమాజము’. 1783లో స్థాపింపబడిన ఈ సంఘమున చేరదలచినవారు నూరు లూయీల బంగారు నాణెములు చెల్లించవలెను. గురువు చెప్పిన రహస్యమును వెల్లడింపమని ఒడంబడిక వ్రాసి ఈయవలెను. ప్రభువులు, న్యాయవాదులు, వైద్యులు ఈ రుసుము చెల్లించి శిష్యులైరి. సమ్మోహనవిద్యకు మొట్టమొదటి క్రమశిక్షణాలయము ఇదియే యనవచ్చును. గురువు ఉన్నాడు, పాఠములు ఉన్నవి, పట్టా ఉన్నది. సత్యము మాత్రము ఉన్నదా?

1784లో ఫ్రెంచి రాజు నియమించిన సంఘము ఈ ప్రశ్ననే పరిశీలించెను. బెంజమిన్ ఫ్రాంక్లిన్, రసాయన శాస్త్రజ్ఞుడు లవోయిజియే, ఖగోళవేత్త బెయ్యి మున్నగువారు అందు సభ్యులు. మెస్మర్ శిష్యుడైన డెస్లోన్ ప్రయోగములను వారు పరీక్షించిరి. ఫ్రాంక్లిన్ నివసించు పాస్సీ గ్రామములోని తోటలో డెస్లోన్ ఒక చెట్టునకు ‘శక్తి’ని ఎక్కించెను. పండ్రెండేండ్ల బాలుని ఒకనిని కన్నులకు గంతలు కట్టి ఒక్కొక్క చెట్టు వద్దకు తీసికొనిపోయిరి. ఆ బాలుడు శక్తి ఎక్కించిన చెట్టును చేరకమునుపే, వేరొక చెట్టు క్రింద మూర్ఛిల్లెను. ద్రవము లేదు, కల్పనాశక్తియే ఉన్నదని సంఘము తీర్పు చెప్పెను. అనగా నూరు లూయీలు పుచ్చుకొని గురువు బోధించిన సిద్ధాంతము నిరాధారమని తేలెను. గురువును రుసుమును ఉన్నంత మాత్రమున విద్య సత్యము కాజాలదని ఈ మొదటి ఘట్టము తెలుపుచున్నది.

అయినను ఆ శిష్యులలో ఒకడు గురువు చూడనిదానిని చూచెను. ఆయన మార్క్విస్ ద ప్యూసెగూర్ అను భూస్వామి. 1784లోనే తన గ్రామమున విక్టర్ రాస్ అను వ్యవసాయదారునిపై మెస్మర్ పద్ధతిని ప్రయోగింపగా, ఆ రోగి వణకలేదు, మూర్ఛిల్లలేదు. ప్రశాంతముగా నిద్రించుచునే అడిగిన ప్రశ్నలకు సమాధానములు చెప్పెను. సమ్మోహననిద్ర అని నేడు మన మెరిగినది ఈ సంఘటనతో లోకమునకు తెలిసెను.

ఆ నిద్రకు కారణము ప్రయోక్త శక్తి కాదు, రోగి మనస్సే అని స్పష్టముగా చాటినవాడు భారతదేశమున పుట్టినవాడగుట మనకు గర్వకారణము. 1756లో గోవాలోని కాండోలిం గ్రామమున జన్మించిన అబ్బే ఫరియా, లిస్బన్, రోము నగరములలో చదివి మతాచార్యుడై పారిస్ చేరెను. 1813లో ఆయన బహిరంగ ప్రదర్శనములు ప్రారంభించెను. హస్తచాలనము లేదు, అయస్కాంతము లేదు. ఎదుటివానిని నెమ్మదిగా కూర్చుండబెట్టి ‘నిద్రించుము’ అని ఆజ్ఞాపించుటయే ఆయన పద్ధతి. పారిస్ ప్రజలు ఆయనను నాటకములో హేళన చేసిరి. 1819లో ఆయన గ్రంథము వెలువడెను. ఆ సంవత్సరమే ఆయన బీదతనమున కన్నుమూసెను. పణజి నగరమున ఆయన కంచువిగ్రహము నేటికిని చూడవచ్చును.

ఇక స్వయంకృషికి తలమానికమైన రెండు ఉదాహరణములను చూతము. రెండును స్కాట్లండు దేశీయులైన శస్త్రవైద్యులవే. మొదటివాడు మాంచెస్టరు నగరమున వైద్యము చేయుచుండిన జేమ్స్ బ్రెయిడ్. 1841 నవంబరులో లఫోంటెయిన్ అను ఫ్రెంచి ప్రదర్శకుడు ఆ నగరమునకు వచ్చినప్పుడు, అతని మోసమును బయటపెట్టు తలంపుతో బ్రెయిడ్ ప్రదర్శనమునకు పోయెను. రోగి కనురెప్పలు నిజముగనే తెరచుకొనకుండుట చూచి ఆశ్చర్యపడి ఇంటికి వచ్చెను. గురువును వెదకలేదు. ఇంటిలోనే ఒక మిత్రుని, తన భార్యను, సేవకుని ఒక్కొక్కరిని కూర్చుండబెట్టి ఒకే వస్తువుపై దృష్టి నిలుపుమనెను. కొలది నిమిషములలో వారి కన్నులు మూతపడెను. చూపును, ధ్యానమును ఒకచోట నిలుపుటయే కారణమని ఆయన నిర్ణయించి, 1843లో ప్రకటించిన గ్రంథమున ‘హిప్నాటిజమ్’ అను పేరును ప్రచారము గావించెను.

రెండవవాని కథ మనకు మరింత సన్నిహితము. జేమ్స్ ఎస్డెయిల్ 1808లో జన్మించి, ఎడింబరోలో వైద్యపట్టము పొంది, ఈస్టిండియా కంపెనీ కొలువులో బెంగాలునకు వచ్చెను. 1845 నాటికి ఆయన హుగ్లీ వైద్యశాలకు అధికారి. అక్కడి చెరసాలలోని ఖైదీల వైద్యమును ఆయనదే. మెస్మెరిజమ్ ప్రయోగమును ఆయన ఎన్నడును కన్నులార చూచినవాడు కాడు. దానిని గూర్చి చదివినది తప్ప తనకు వేరే ఎరుక లేదని ఆయనయే వ్రాసికొనెను.

1845వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన మాధవ్ కౌరా అను ఖైదీ వరిబీజమునకు శస్త్రచికిత్స పొంది, బాధతో విలవిలలాడుచుండెను. మత్తుమందు అనునది లోకమునకు ఇంకను తెలియని కాలమది. రోగిని నలుగురు పట్టుకొనగా కత్తి ఆడించుటయే నాటి శస్త్రవైద్యము. ఎస్డెయిల్ తాను చదివినదానిని ప్రయత్నింప నిశ్చయించెను. ఖైదీ కన్నులు మూయించి, ముఖముమీదుగా చేతులను నెమ్మదిగా దించుచు చాలసేపు శ్రమించెను. మొదట ఫలితము కానరాలేదు. విడువక కొనసాగింపగా రోగి గాఢనిద్రలో మునిగెను. సూదులతో పొడిచినను, నిప్పు తగిలించినను కదలలేదు. ఎస్డెయిల్ వెంటనే జిల్లా న్యాయాధికారిని, కలెక్టరును పిలిపించి వారి కన్నులయెదుటనే ఈ స్థితిని పరీక్షింపజేసెను.

ఈ చిన్న సంఘటనలో రెండు సంగతులు గమనింపదగినవి. మొదటిది, ఎస్డెయిల్‌కు ఈ విద్యలో గురువు లేకున్నను వైద్యములో గురువులు ఉండిరి. నాడి ఎట్లుండవలెనో, శ్వాస ఎప్పుడు తప్పుచున్నదో, ప్రయోగమును ఎచ్చట నిలుపవలెనో ఆయనకు తెలియును. రెండవది, తన అనుభవమును తానే నమ్మి ఊరకుండక, మొదటి దినముననే సాక్షులను రప్పించెను.

మూడవ సంగతి ఒకటి ఉన్నది. అది మనస్సును కలచునట్టిది. ఆ రోగి ఖైదీ. ‘నాపై ఈ ప్రయోగము వలదు’ అని వైద్యాధికారితో చెప్పగల స్థితి అతనికి లేదు. తరువాతి రోగులలో పెక్కురు బీదలు. రోగి తన నమ్మకము చేతనే నిద్రించుచున్నాడను ఆక్షేపణకు తావులేకుండ, ముందుగా ఉద్దేశమును తెలుపకుండనే ప్రయోగించుట మేలని ఎస్డెయిల్ తలచెను. శాస్త్రదృష్టితో అది జాగ్రత్తయే. రోగి దృష్టితో చూచిన, అతని అనుమతి లేదు. బ్రెయిడ్ సేవకుడు, ప్యూసెగూర్ గ్రామములోని రైతు, హుగ్లీలోని ఖైదీ – గురువులేని విద్యకు పలకయు బలపమును అయినవారు ఎల్లప్పుడును ఇట్టివారే.

ఆ తరువాతి ఎనిమిది మాసములలో బాధలేకుండ 73 శస్త్రచికిత్సలు చేసితినని ఎస్డెయిల్ లెక్క చూపెను. బెంగాలులో ఆ కాలమున విస్తారముగా నుండిన బోదవ్యాధి వలన పెరిగిన పెద్ద కణుతులను తొలగించుట వీనిలో ముఖ్యమైనది. అంతకుమున్ను అట్టి రోగులు బాధకును రక్తస్రావమునకును వెరచి వైద్యశాల ముఖము చూడకుండిరి. ఇప్పుడు తమంతట తామే రాజొచ్చిరి.

గురువు లేక నేర్చిన ఎస్డెయిల్ త్వరలోనే తాను గురువు కావలసివచ్చెను. గంటలకొలది చేతులాడించుటచే ఆయన అలసిపోయెను. అందుచేత వైద్యశాలలో మందులు కలుపువారికి, కట్లు కట్టువారికి, హిందువులైన, ముసల్మానులైన ఆ యువకులకు పద్ధతిని నేర్పెను. చీకటిగదిలో రోగిని పరుండబెట్టి, తలవైపు కూర్చుండి, గంటయో రెండు గంటలో, అవసరమైనచో దినముల తరబడి, వారు ఓపికతో ప్రయోగించుచుండిరి. కత్తి పట్టినది ఎస్డెయిల్, నిద్ర పుచ్చినది ఆ సహాయకులు. చరిత్రలో ఆయన పేరు నిలిచినంతగా వారి పేర్లు నిలువలేదు.

ఇట్టి విద్య ఈ దేశమునకు క్రొత్త కాదని కూడ ఎస్డెయిల్ గ్రహించెను. బెంగాలులో పేరుపొందిన మంత్రవేత్త నొకనిని ఆయన కలిసికొని, అతని పద్ధతిని చూపుమనెను. అతడు ఇత్తడిచెంబుతో నీరును, రెండుమూడు ఆకులున్న కొమ్మను తెప్పించి, మంత్రము జపించుచు, ఆ కొమ్మతో రోగిపై నుండి క్రిందికి దిగదుడుచుచు, మధ్యమధ్య ఊదుచుండెను. మన పల్లెలలో దిష్టి తీయుట చూచినవారికి ఈ దృశ్యము సుపరిచితమే. మంత్రమును విడిచినచో తాను చేయునదియు ఇదియే అని ఎస్డెయిల్ తలచెను. గురుపరంపరగా వచ్చిన విద్యయు, వార్తలు చదివి నేర్చిన విద్యయు హుగ్లీలో ఇట్లు ముఖాముఖి ఐనవి.

ఎస్డెయిల్ తన ఫలితములను ప్రభుత్వమునకు నివేదించి పరీక్ష కోరెను. 1846లో బెంగాలు ఉపగవర్నరు సర్ హెర్బర్టు మాడక్ ఒక సంఘమును నియమించెను. తరువాతి కాలమున మన దేశములో తంతివార్తా మార్గములను నెలకొల్పిన వైద్యుడు ఓషానెస్సీ ఆ సంఘసభ్యులలో ఒకడు. కలకత్తాలో రోగులను ఎన్నుకొని సంఘము స్వయముగా పరిశీలించెను. కొందరికి ఎంత ప్రయత్నించినను నిద్ర రాలేదు. నిద్రించి శస్త్రచికిత్స పొందినవారిలో కొందరు రాతిబొమ్మలవలె పడియుండిరి. మరికొందరి ముఖములలోను చేతులలోను బాధను సూచించు కదలికలు కనిపించెను. అయినను మేల్కొనిన పిమ్మట తమకేమియు తెలియలేదని వారు చెప్పిరి. సంఘము ఈ రెండింటిని దాచక వ్రాసెను. నివేదికను ఆధారము చేసికొని ప్రభుత్వము 1846 నవంబరులో కలకత్తాలో చిన్న వైద్యశాల నొకదానిని ఒక సంవత్సరకాలము పరీక్షార్థము ఎస్డెయిల్‌కు అప్పగించెను.

కాలము మాత్రము వేరొక మార్గమున నడచెను. ఆ సంవత్సరమే అక్టోబరులో అమెరికాలోని బోస్టను నగరమున ఈథరు మత్తుమందు ప్రయోగము విజయవంతమయ్యెను. మరుసటి సంవత్సరము నవంబరులో ఎడింబరోలో సింప్సన్ క్లోరోఫారమును ప్రయోగించెను. దినముల తరబడి చేతులాడించు పనిని సీసాలోని ద్రవము కొలది నిమిషములలో నెరవేర్చసాగెను. పైగా నిద్ర ఎవరికి వచ్చునో ఎవరికి రాదో అను సందేహము లేదు. డల్హౌసీ ప్రభువు 1848లో ఎస్డెయిల్‌ను రాజధాని శస్త్రవైద్యునిగా నియమించి గౌరవించెను. చందాలతో మరియొక మెస్మెరిక్ వైద్యశాలయు కొంతకాలము నడచెను. 1851లో ఎస్డెయిల్ భారతదేశమును వదలి, 1859లో మరణించెను. నిద్రపుచ్చు పనిలో ఆరితేరిన ఆ బెంగాలీ యువకులకు ఆ విద్యను కొనసాగించు సంస్థ యేదియు స్థిరముగా మిగులలేదు. ఒక్కని పట్టుదలపై నిలిచిన విద్య ఆ ఒక్కనితోనే సన్నగిల్లెను. స్వయంకృషికి గల బలహీనత ఇదియే. అది దీపమును వెలిగించగలదు గాని, నూనె పోయు ఏర్పాటు చేయజాలదు.

ఆ ఏర్పాటు ఫ్రాన్సులోని నాన్సీ పట్టణమున జరిగెను. లియబో అను గ్రామ వైద్యుడు హిప్నాటిజమ్‌కు ఒప్పుకొనిన బీదరోగులకు రుసుము లేకుండ చికిత్స చేయుచుండెను. 1866లో ఆయన వ్రాసిన గ్రంథమును పట్టించుకొనినవారు అరుదు. 1882లో ఆ పట్టణపు విశ్వవిద్యాలయ వైద్యాచార్యుడు బెర్న్‌హైమ్ ఆయన వద్దకు పోయి చూచి, నేర్చి, తన వైద్యశాలలో పరీక్షించెను. స్వయముగా నేర్చిన వృద్ధుని విద్యకు విశ్వవిద్యాలయపు క్రమము తోడయ్యెను. 1889లో సిగ్మండ్ ఫ్రాయిడ్ సైతము నాన్సీ వచ్చి వారి ప్రయోగములను పరిశీలించెను.

నాన్సీలో చూచినవారిలో ఎమిల్ కూయే అను మందులదుకాణదారుడు ఒకడు. అతడు ఆ తరువాత అమెరికాలోని రోచెస్టరు నగరమునుండి తపాలా ద్వారా వచ్చు హిప్నాటిజమ్ పాఠములను కూడ తెప్పించి చదివెను. నేటి ఇంటిచదువులకు పూర్వరూపము ఆ తపాలా పాఠములే. పరులను నిద్రపుచ్చుట మాని, ఎవరికివారు తమ మనస్సునకు మంచిమాట చెప్పుకొను ‘ఆత్మసూచన’ పద్ధతిని కూయే ప్రచారము చేసెను. ఇందు ప్రయోక్తయు తానే, రోగియు తానే. ఒంటరిగా నేర్చుటకు ఇంతకన్న నిరపాయమైన శాఖ ఈ విద్యలో మరియొకటి లేదు.

ఇరువదవ శతాబ్దమున కట్టుబాట్లు బలపడెను. వేదికలపై వినోదార్థము చేయు హిప్నాటిజమ్ ప్రదర్శనములను నియంత్రించుచు బ్రిటను 1952లో శాసనము చేసెను. 1955లో బ్రిటిషు వైద్యసంఘమును, 1958లో అమెరికా వైద్యసంఘమును హిప్నాటిజమ్‌ను చికిత్సోపకరణముగా అంగీకరించి, శిక్షణ ఆవశ్యకతను నొక్కి చెప్పెను. అమెరికాలో 1957లో వైద్యులకు ఈ విద్యను నేర్పు సంఘమును స్థాపించుటకు పూనుకొనిన మిల్టన్ ఎరిక్సన్ చరిత్రయు గమనింపదగినది. పదునేడేండ్ల వయస్సున పక్షవాతమువంటి పోలియో సోకి మంచమునబడి, ఇంటిలోనివారి మాటను, చూపును, కదలికను గమనించుటయే విద్యగా అలవరచుకొనెను. పిదప విశ్వవిద్యాలయమున క్లార్క్ హల్ వద్ద హిప్నాటిజమ్ పాఠములను వినెను, వైద్యపట్టమును పొందెను. ఆయనలో ఏకలవ్యుడును అర్జునుడును కలిసియున్నారు.

ఆ ఎరిక్సన్ మాటతీరును, మరి ఇద్దరు మానసిక చికిత్సకుల పద్ధతులను పరిశీలించి, 1970 దశాబ్దమున కాలిఫోర్నియాలో రిచర్డ్ బాండ్లర్, జాన్ గ్రిండర్ అనువారు రూపొందించినదే ఎన్.ఎల్.పి. నిపుణుని నైపుణ్యమును విడదీసి సూత్రములుగా వ్రాసినచో, ఎవరైనను త్వరగా నేర్వవచ్చునని వారి ఆశయము. ఆశయము ఉదాత్తమైనదే. అయినను 1988లో అమెరికా జాతీయ పరిశోధనా మండలి పరిశీలించి, దాని ప్రధాన ప్రతిపాదనలకు తగిన శాస్త్రీయాధారము కనిపింపలేదని తెలిపెను. ధ్రువపత్రములు మాత్రము నేటికిని విరివిగా లభించుచున్నవి. మెస్మర్ కాలపు నూరు లూయీల పాఠము ఇచ్చట మరల జ్ఞప్తికి వచ్చును.

తెలుగునాట హిప్నాటిజమ్‌ను సామాన్యులకు పరిచయము చేసినవారిలో బి. వి. పట్టాభిరాం పేరు ప్రసిద్ధము. ఇంద్రజాల వేదికనుండి మనస్తత్వశాస్త్ర రచనలకు మరలి, ఆయన ఈ విద్యను మాయగా గాక మనశ్శక్తిగా వివరించిరి. భారత ప్రభుత్వ ఆరోగ్య మంత్రిత్వశాఖ 2003 నవంబరులో హిప్నాటిజమ్ చికిత్సను అంగీకరించుచు, తగిన శిక్షణ పొందినవారే దానిని ఆచరింపవలెనని పేర్కొనెను. హుగ్లీలో ఒక ప్రభుత్వోద్యోగి గురువు లేకయే ప్రారంభించిన విద్యను గూర్చి, 158 సంవత్సరముల పిమ్మట ప్రభుత్వమే ఈ మాట చెప్పుట విశేషము.

ఇంతకును తేలిన దేమి? ఒంటరి సాధకులే ఈ విద్యలో క్రొత్తదారులు త్రొక్కిరి. బ్రెయిడ్, ఎస్డెయిల్, లియబో లేనిచో ఇది మెస్మర్ ద్రవముననే మునిగియుండెడిది. కాని వారిలో ఎవ్వరును వట్టిచేతులతో రాలేదు. వైద్యశాస్త్రపు పునాదిపై నిలిచి, తమ ప్రయోగములను ఇతరుల పరీక్షకు ఒప్పగించిరి. తన నిద్రకొరకు, తన భయము పోగొట్టుకొనుటకొరకు, తన మనస్సును తాను నెమ్మదింపజేయుటకు పుస్తకము చాలవచ్చును. ఇతరుని బాధపై, పూర్వస్మృతులపై, వ్యాధిపై చేయివేయదలచినవానికి మాత్రము పుస్తకమును చాలదు, ఆరుదినముల ధ్రువపత్రమును చాలదు. ప్రయోగము ఎట్లు చేయవలెనో పుస్తకము చెప్పును. ఎవరిపై, ఎప్పుడు చేయరాదో అనుభవజ్ఞుని పర్యవేక్షణలోనే తెలియును.

కావున నేర్చుకొనగోరువాడు తన గురువు ఎవరని అడుగుకొనుటతోపాటు, తన ఎదుట కూర్చుండినవానికి ‘వలదు’ అని చెప్పగల స్వేచ్ఛ ఉన్నదా అని కూడ అడుగుకొనవలెను. 1845లో హుగ్లీ వైద్యశాలలోని ఖైదీకి ఆ స్వేచ్ఛ లేకుండెను. నేటి రోగికి అది ఉండవలెను.